సీడ్ పత్తి క్రాసింగ్‌కు కంపెనీ ఆడిట్: కూలీల రిజిస్టర్, వయసు రుజువు, కూలి రేటు ఎట్ల పెట్టుకోవాలె?

గట్టు సీడ్ రైతు

మాది జోగులాంబ గద్వాల జిల్లా. మా ఊర్ల పద్నాలుగు మందిమి ఒకే ఆర్గనైజర్ (కంపెనీకి, రైతుకు నడుమ ఉండేటోడు) కింద సీడ్ పత్తి, అంటే కంపెనీకి విత్తనం కోసం ఇచ్చే పత్తి, వేస్తున్నం. ఒక్కొక్కరిది అర ఎకరం నుంచి ఎకరంన్నర దాకా ఉంటది. కంపెనీ అసలు యాజమాన్యం యూరప్‌ల ఉంది. ఈ ఏడు అగ్రిమెంటు వెనక రెండు కాగితాలు కొత్తగా జత చేసి సంతకం పెట్టుమంటున్నరు. 15 ఏండ్ల లోపు పిల్లలు చేన్ల పని చేయొద్దు, 18 లోపు వాళ్లు మందుల జోలికి పోవద్దు, కనీస వేతనం ఇయ్యాలె, ఆడ మగకు ఒకటే కూలి, రిజిస్టర్ రాయాలె, నీళ్లు నీడ చూపాలె. చెప్పకుండా చెకింగ్‌కు వస్తరట. మొదటిసారి తప్పు దొరికితే హెచ్చరిక, రెండోసారి రేటుల కోత, మూడోసారి ప్లాటు రద్దు.

ఇవన్నీ చెడ్డవని అంటలేను. కానీ విత్తనానికి కంపెనీ మాకిచ్చే ప్యాకెట్ రేటు మాత్రం నిరుటిదే. నేను అడిగేది మూడు సంగతులు. రిజిస్టర్ల ఏం రాయాలె? వయసుకు ఏ కాగితం చెల్లుతది, ఆధార్ సరిపోతదా? పెరిగే కూలి ఎవరు భరించాలె? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి. ఊరోళ్లందరికీ చదివి వినిపిస్త.

మల్దకల్ ఫీల్డ్

రిజిస్టర్ సంగతి తర్వాత. పిల్లలు చేన్లకు ఏ టైంల వస్తరు, ఎందుకు వస్తరు అన్నది ముందు చూడాలె. ఆడిట్‌ల దొరికేది అక్కడనే.

మీకు తెలిసిందే అయినా, ఊర్ల చదివి వినిపిస్త అన్నరు కాబట్టి మొత్తం రాస్తున్న. క్రాసింగ్ అంటే ఆడ రకం, మగ రకం పత్తి పూలను చేత్తో కలిపి హైబ్రిడ్ విత్తనం తీసుడు. ఆ పని రోజుకు రెండు దఫాలు. తెల్లారి పూసే మొగ్గను ముందు రోజు మధ్యాహ్నం మూడు నుంచి పొద్దుగూకే దాకా బొటనవేలి గోరుతో గాటు పెట్టి, రేకులు, పుప్పొడి తిత్తులున్న తొడుగు కలిపి ఒక్క తిప్పుల తీసేస్తరు. లోపల కీలం (పువ్వు ఆడ భాగం) ఒక్కటే మిగలాలె. గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతరు. తెల్లారి ఎనిమిది నుంచి పదకొండున్నర మధ్యల మగ రకం చెట్టు పువ్వు తెచ్చి ఆ కీలం మీద రుద్ది, తొడిమెకు దారం కడతరు. ఒక మగ పువ్వు నాలుగైదు ఆడ పూలకు వస్తది. మబ్బు పట్టిన రోజు పూలు ఆలస్యంగ విచ్చుకుంటయి, పని ఒంటి గంట దాకా సాగుతది.

కంపెనీ మనిషి పదకొండింటికి వస్తడు, పెద్దోళ్లే కనబడతరు, ఫోటో తీసుకుని పోతడు. బడి వదిలేది సాయంత్రం. మొగ్గ తీసే పని ముమ్మరంగ ఉండేది కూడా అప్పుడే. రెండు గంటల పనికి పిల్లలను పిలుస్తరు, చేతిల ఏదో పెడతరు, అది ఏ లెక్కలకూ ఎక్కది. మంచి ఆడిటర్ అయితే నాలుగున్నరకు వస్తడు, లేదంటే ఆదివారం వస్తడు. మీ ఊర్ల ఎవరన్న "మా దగ్గర పిల్లలు లేరు" అంటే సాయంత్రం అయిదు గంటలకు చేను ఎట్లుందో అడుగుండ్రి.

పిల్లలను పిలిచేది వాళ్ల వేళ్లు సన్నగ ఉంటయని కాదు. ఆ మాట చాలామంది ఆర్గనైజర్లు చెప్తరు, అది సాకు. సాళ్ల మధ్య నాలుగైదు అడుగులు వదిలిన చేన్ల పెద్ద మనిషి కొమ్మ విరగకుండ తిరగొచ్చు, గోరుతో మొగ్గ తీసుడు ఆడోళ్లు పిల్లల కంటే శుభ్రంగ చేస్తరు. అసలు కారణం మొగ్గలు ఎక్కువ, చేతులు తక్కువ కావడం. సాయంత్రం తియ్యకుండ మిగిలిన మొగ్గ తెల్లారి పూసి దాని పుప్పొడి దానికే పడుతది. అది సెల్ఫ్ కాయ. సెల్ఫ్ కలిస్తే జీఓటీల (విత్తనం నాటి స్వచ్ఛత చూసే పరీక్ష) పోతది. హైబ్రిడ్ పత్తికి జన్యు స్వచ్ఛత 90 శాతం ఉండాలె, దిగువకు వస్తే లాట్ మొత్తం రిజెక్ట్. ఆ భయంతోని రైతు దొరికినోళ్లను దొరికినట్టు పిలుస్తడు.

కాబట్టి మందు కూడా అక్కడనే వెయ్యాలె:

ఇంట్ల ఎన్ని చేతులు, బయట నుంచి ఖాయంగ వచ్చేవి ఎన్ని చేతులు అని ముందు లెక్కవెట్టి, దానికి సరిపడ విస్తీర్ణమే వేయుండ్రి. ఎకరం వేసి అర ఎకరం చేతులు పెట్టుకుంటే ఆగస్టు నెల దాటకముందే మాట తప్పుతరు. మగ విత్తనం ఒక్కసారే నాటకుండ వారం తేడాతోని రెండు మూడు దఫాలుగ నాటితే మగ పూలు సీజన్ చివరి దాకా వస్తయి. అది చేయకపోతే ఒక వారం మగ పువ్వు లేక కూలీలు ఖాళీగ కూసుంటరు, ఇంకో వారం పని మీద పడుతది. ఆడ, మగ చెట్లు నాలుగుకు ఒకటి లెక్కన, మధ్యల కనీసం 5 మీటర్లు వదిలి వేరే ముక్కల పెట్టుకోవాలె.

ఏ సాయంత్రమన్న మనుషులు తక్కువ పడితే, మిగిలిన మొగ్గలను గిల్లి పారేయుండ్రి. నాలుగు కాయలు పోతయి, లాట్ దక్కుతది. పొద్దున క్రాసింగ్ అయినంక ఒక మనిషి సాలు సాలు తిరిగి ఎర్ర కాగితం లేకుండ విచ్చుకున్న పువ్వును తెంపాలె. పత్తి ఏరేటప్పుడు దారం లేని కాయ పక్కకు. ఇంత చేస్తే బడి పిల్లలను పిలిచే అక్కర రాదు.

కంపెనీని ఇంకోటి కూడా అడగొచ్చు. కొన్ని రకాలకు జీఎంఎస్ (జన్యుపరంగ పుప్పొడి రాని) ఆడ లైన్లు ఉంటయి. వాటిల పుప్పొడి రాదు గనుక సాయంత్రం పని దాదాపు ఉండది. అయితే ఆ లైన్ల సగం మొక్కలు మామూలుగ పుప్పొడి ఉన్నవే వస్తయి, మొదటి పూతల చూసి పీకేయాలె. అందుకే విత్తనం రెండింతలు దగ్గరగ నాటుతరు. పీకుడుల అశ్రద్ధ చేస్తే మళ్ల సెల్ఫే.

పాలమూరు లేబర్ లా

వయసు, వేతనం గురించి రాస్తాను.

బాల కార్మిక చట్టం 1986 నాటిది, 2016లో సవరించారు. 14 ఏళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబానికి, బడి అయ్యాక గానీ సెలవుల్లో గానీ, ప్రమాదం లేని పనిలో సాయం చేయడం ఒక్కటే చేను పనికి వర్తించే మినహాయింపు. కుటుంబం అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు. అంటే మేనమామ చేను కుటుంబంలోకి వస్తుంది, పక్కింటివాళ్ల చేను రాదు. "మా పిల్లలు వాళ్ల చేన్లో, వాళ్ల పిల్లలు మా చేన్లో బదులు చేసుకుంటాం" అనే పద్ధతి మన దగ్గర ఉంది కదా, ఆ బదులు పని చట్టం ముందు నిలవదు. 14 నుంచి 18 మధ్య వాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 జరిమానా, లేదా రెండూ. ఇది కాగ్నిజబుల్ నేరం, పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చు. శిక్ష పడేది పనిలో పెట్టుకున్న వాళ్లకు, అంటే కేసులో ముందుండేది రైతు పేరు. ఆర్గనైజర్ పేరు, కంపెనీ పేరు మామూలుగా అందులో కనిపించవు. సంతకం పెట్టే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

కంపెనీ కాగితంలో 15 అని ఉంటే 15నే పట్టుకోవాలి. చట్టం 14 అంటోంది కదా అని ఆడిటర్‌తో వాదిస్తే ఉపయోగం లేదు, అది మీరు ఒప్పుకున్న షరతు. ఇంకా, చాలా కంపెనీల షరతుల్లో "కుటుంబ సాయం" మినహాయింపు ఉండదు. దసరా సెలవులు క్రాసింగ్ నడుస్తుండగానే వస్తాయి. ఇంటి పిల్లలు ఆ పదిరోజులు చేన్లోకి రావడం చట్టం దృష్టిలో ఒకటి, అగ్రిమెంటు దృష్టిలో ఇంకొకటి. మీ కాగితంలో ఆ మాట ఎలా ఉందో చూడండి. స్పష్టంగా లేకపోతే రాతపూర్వకంగా అడగండి.

ఆధార్ గురించి: అది మనిషి గుర్తింపుకు పనికొస్తుంది గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ కూడా చెప్పింది, 2024లో సుప్రీంకోర్టూ అదే అంది. చాలా ఆధార్ కార్డుల్లో మన పల్లెల్లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, ఆడిటర్‌కు మొదటి అనుమానం అక్కడే వస్తుంది. ముందు పదో తరగతి మెమో లేదా బడి రికార్డు, అది లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం చూడండి. బడి మానేసిన పిల్లకు కూడా చదివిన బడిలో హెడ్మాస్టర్ అడ్మిషన్ రిజిస్టర్ చూసి బోనఫైడ్ ఇస్తారు. ఏ కాగితమూ లేక, ముఖం చూస్తే అనుమానంగా ఉంటే పనిలో పెట్టుకోకండి. వివాదం వస్తే వైద్యాధికారి పరీక్ష దాకా పోతుంది, సీజన్ మధ్యలో అది మీకు అయ్యే పని కాదు.

వేతనం. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత కనీస వేతనాల చట్టం, సమాన వేతన చట్టం రెండూ ఇప్పుడు వేతనాల కోడ్‌లో కలిసిపోయాయి. బాల కార్మిక చట్టం, 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం మాత్రం కోడ్‌లలో కలవలేదు, విడిగానే ఉన్నాయి. కోడ్ ప్రకారం రోజు కూలి అయితే ఆ రోజు పని ముగిసేసరికి, వారం లెక్క అయితే వారపు సెలవుకు ముందు చివరి పనిదినాన, నెల లెక్క అయితే వచ్చే నెల ఏడో తేదీ లోపు ఇవ్వాలి. "జీఓటీ వచ్చాక ఇస్తాం" అనడానికి వీల్లేదు. కోతలన్నీ కలిపినా ఆ విడత వేతనంలో సగం దాటకూడదు. ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ ఇవ్వకూడదు. క్రాసింగ్‌లో ఈ తేడా ఎక్కడ దాక్కుంటుందంటే, మగవాళ్ల పేరు "మందు కొట్టడం, మోత" కింద రాసి ఎక్కువ ఇస్తారు, వాళ్లు కూడా రోజంతా మొగ్గలే తీస్తుంటారు. రిజిస్టర్‌లో పని పేరు నిజంగా చేసిన పనే ఉండాలి.

మన రాష్ట్రంలో కనీస వేతనంలో కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1, అక్టోబర్ 1న మారుతుంది. అంటే మీ సీజన్ మధ్యలోనే ఒకసారి మారుతుంది. సెప్టెంబర్ రేటునే అక్టోబర్ చివరి దాకా రాసుకుంటూ పోతే ఆడిట్‌లో అదొక తప్పు. వ్యవసాయానికి ప్రస్తుత రేటు ఎంతో మీ అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గర కాగితం తీసుకుని రిజిస్టర్ మొదటి పేజీకి అంటించండి.

గట్టు సీడ్ రైతు

చాలా మంచిగ చెప్పిండ్రు సార్. ఇంకో చిక్కు ఉంది. మా దాంట్ల ఏడుగురు రైతులు గుత్తకు ఇస్తరు. మేస్త్రి ఒకడు కర్నూలు వైపు నుంచి మందిని తోలుకొస్తడు, ఎండకాలంలనే అడ్వాన్స్ తీసుకుంటడు. రెండు నెలలకు పైన ఇక్కడనే ఉంటరు. ఎవరికి ఎంత పోతదో మాకు తెల్వది. రిజిస్టర్ల ఏం రాయాలె?

పాలమూరు లేబర్ లా

అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే ఉంది. పిల్లల విషయం ఆడిట్‌లో కంటికి కనపడుతుంది, అడ్వాన్స్ విషయం కనపడదు, కేసు మాత్రం దానికే పెద్దది.

అడ్వాన్స్ ఇవ్వడం నేరం కాదు. అది తీరేదాకా ఇంకో చోటికి పోవద్దనడం, తక్కువ కూలికి కట్టిపడేయడం, ఇంటికి పోతామంటే ఆధార్ కార్డు గానీ ఫోన్ గానీ పట్టుకోవడం, తండ్రి తీసుకున్న దానికి కూతురిని పంపించడం, ఇవీ వెట్టి కిందికి వచ్చేవి. 1982లో ఆసియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకున్న పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం కింద నిర్బంధ శ్రమే అంది. వెట్టి చట్టంలో శిక్ష మూడేళ్ల దాకా ఉంది. విచారణ రెవెన్యూ వాళ్ల చేతిలో ఉంటుంది.

చేయాల్సింది ఇది. మేస్త్రికి మొత్తం గుత్త డబ్బు ఒకే చేతికి ఇవ్వకండి. మేస్త్రి కమీషన్ వేరు, కూలీల కూలి వేరు అని మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకోండి. కమీషన్ కూలిలోంచి కోయకూడదు, రైతు పైనుంచి ఇవ్వాలి. కూలి ఎవరిది వాళ్ల చేతికి గానీ వాళ్ల బ్యాంకు ఖాతాకు గానీ పోవాలి. భార్య కూలి భర్త ఖాతాలో వేయకండి, ఆడిటర్ మొదట అడిగేది అదే. రావడానికి పోవడానికి ఇచ్చిన బస్సు ఖర్చును కూలిలోంచి పట్టుకోవద్దు. గుత్త రేటు మొగ్గల లెక్కనో సాళ్ల లెక్కనో ఉన్నా సరే, రోజుకు పడే మొత్తం కనీస వేతనం కన్నా తగ్గకూడదు. వానకు పని ఆగిన రోజు, మగ పువ్వు రాక ఖాళీగా కూర్చున్న రోజు ఏం ఇస్తారో కూడా ముందే రాసుకోవాలి. గొడవలు చాలావరకు అక్కడే పుడతాయి.

మందితో వచ్చే చిన్న పిల్లల సంగతి మర్చిపోకండి. తల్లి చేన్లో ఉంటే పదేళ్ల పిల్ల గట్టు మీద ఊరికే కూర్చోదు, పక్కనే మొగ్గ తీస్తుంది. అందుకే మంది దిగిన వారంలోనే దగ్గరి బడి హెడ్మాస్టర్‌ను కలవండి. విద్యాహక్కు చట్టం కింద ఏడాది మధ్యలో, టీసీ లేకపోయినా చేర్చుకోవాలి. చంటి పిల్లలకు అంగన్‌వాడీ.

రిజిస్టర్ కాలమ్‌లు: తేదీ, పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఏ రుజువు చూశారు, పొద్దున వచ్చిన టైం పోయిన టైం, సాయంత్రం వచ్చిన టైం పోయిన టైం, చేసిన పని, రేటు, అడ్వాన్స్ కోత, చేతికి ఇచ్చింది, సంతకం లేదా వేలిముద్ర. రెండు దఫాలకు వేర్వేరు టైం కాలమ్‌లు తప్పనిసరి. ఒకే కాలమ్ ఉంటే ఆడిటర్ ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా పదిన్నర గంటల పని అని లెక్కేస్తారు. నిజంగా చేసింది ఏడు గంటలే కావచ్చు. మధ్యాహ్నం విరామం అని పేరు పెట్టి కలుపు తీయిస్తే మాత్రం అది పనే, ఆ టైం కూడా రాయాలి.

నల్లగొండ జిన్నింగ్

నాది పత్తిలోనే ఇంకో కొస, అందుకని ఒక్క మాట. జిన్నింగ్ మిల్లులకు, స్పిన్నింగ్ మిల్లులకు బట్టల బ్రాండ్ల తరఫున వచ్చే ఆడిటర్లు బేల్ నంబర్లు, హమాలీల కూలి, దుమ్ము, ఫైర్ బకెట్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె దాకా చూస్తారు. పత్తి ఏ మండలం నుంచి వచ్చిందో అడుగుతారు. ఆ పత్తికి విత్తనం ఎవరు తయారు చేశారో నాకు తెలిసి ఎవరూ అడగరు. అంగీ మీద ఏ గుర్తు ఉన్నా సరే, దాని కింద క్రాసింగ్ చేన్లు లెక్కలో ఉండవు. సీడ్ మీద ఒత్తిడి వచ్చేది బట్టల కంపెనీల నుంచి కాదు, సీడ్ కంపెనీ మాతృసంస్థ ఉన్న దేశం నుంచి.

రిజిస్టర్ గురించి హెచ్చరిక: రెండు రిజిస్టర్లు పెట్టే అలవాటు మిల్లుల్లో చూసి కొందరు ఆర్గనైజర్లు రైతులకూ నేర్పుతున్నారు. అనుభవం ఉన్న ఆడిటర్ అయిదు నిమిషాల్లో పట్టేస్తాడు. పేజీ మొత్తం ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, ఒక్క కొట్టివేత లేదు, పెద్ద వాన పడిన రోజు కూడా అందరూ హాజరు. ఇలాంటిది చూడగానే కూలీలను పక్కకు తీసుకుపోయి విడివిడిగా అడుగుతాడు. కొట్టివేతలున్న మురికి నోటుబుక్కే మేలు.

ధరూర్ లెక్కలు

అందరు రైతు ఏం చేయాలెనో చెప్పిండ్రు. అసలు ప్రశ్న, పైసలు ఎవరు పెట్టుకోవాలె, అది అట్లనే ఉండిపాయె.

లెక్క సులువుగ ఉండాలని గుండు అంకెలు తీసుకుంటున్న, మీవి మీరు వేసుకోండ్రి. అర ఎకరం. ఇంటోళ్లు కాక బయటి కూలీలు నలుగురు, 60 రోజులు. 240 పనిదినాలు. పిల్లలను మానిపించి పెద్దోళ్లను పెట్టి, కనీస వేతనం ఇస్తే రోజుకు మనిషికి 100 రూపాయలు అదనం అనుకుందాం. మొత్తం 24,000. అర ఎకరంల 240 కిలోల సీడ్ వచ్చిందనుకుంటే కిలోకు 100. రైతుకు లెక్కగట్టే 750 గ్రాముల ప్యాకెట్‌కు 75 రూపాయలు పెరగాలె. దుకాణంల అమ్మే 475 గ్రాముల ప్యాకెట్ మీద పడేది 47 రూపాయల 50 పైసలు. డీలింటింగ్ (గింజ మీది నూగు తీసుడు) తరుగు, రిజెక్షన్ పోను ఇంకొంచెం.

బీజీ టూ (బీటీ పత్తి విత్తనం) ప్యాకెట్ గరిష్ఠ ధర కేంద్రం నిర్ణయిస్తది. 2025లో 901 రూపాయలు. "ధర మా చేతిల లేదు, మేమేడ నుంచి ఇస్తం" అని కంపెనీలు అంటయి. ఆ మాటల సగం నిజం ఉంది. మిగతా సగం ఏందంటే, ఆ 901ల డీలర్ కమీషన్, ప్రచారం, కంపెనీ లాభం అన్నీ ఉంటయి. వాటిల దేనినీ ముట్టకుండ షరతుల ఖర్చు మొత్తం అర ఎకరం రైతు మీదికి నెడితే, ఆడు ఏం చేస్తడు? రిజిస్టర్ దొంగది రాస్తడు. లేదంటే కూలీలను తీసేసి ఇంటి పిల్లలతోనే చేయిస్తడు, అది లెక్కకు రాదు గదా. ఒకప్పుడు పెద్ద ప్లాట్ల మీద చెకింగ్ పెరగంగనే సీడ్ సాగు చిన్న కమతాలకు, వేరే రాష్ట్రాలకు జరిగింది. పని తగ్గలేదు, కంటికి కనపడకుండ పోయింది.

2005 ప్రాంతంల విదేశీ సీడ్ కంపెనీలు మన దగ్గరనే పిల్లలు లేని ప్లాటుకు కొనుగోలు ధర మీద 5 శాతం బోనస్ పెట్టినయి. కాబట్టి కొత్త మాటేం కాదు, అడగొచ్చు. నా దృష్టిల 5 శాతం చాలది. పైన లెక్క చూడుండ్రి: ప్యాకెట్ రేటు ఎంత ఉన్నా దానిల 5 శాతం 75 రూపాయలు కావాలంటే రేటు 1,500 ఉండాలె. అట్లాంటి రేటు ఎవరికొస్తున్నది?

అందుకని శాతం అడగకుండి. పద్నాలుగు మంది కలిసి కూలి లెక్కనే అడగుండ్రి. కనీస వేతనం రూపాయి పెరిగితే ప్యాకెట్ రేటు ఇంత పెరగాలె అని ఒక సూత్రం రాయించుకోవాలె. రెండోది, క్రాసింగ్ అడ్వాన్స్. కూలి వారం వారం ఇయ్యాలె, మీ పైసలు జీఓటీ అయినంక నెలలకు వస్తయి. ఆ నడుమ ఆర్గనైజర్ వడ్డీకి ఇచ్చే అప్పే కూలి తక్కువ ఇచ్చేటట్టు చేస్తది. వడ్డీ లేకుండ ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్‌ల మూడు విడతలుగ కంపెనీ నుంచి నేరుగ రైతు ఖాతాకు రావాలె. నన్నడిగితే బోనస్ కన్న ఇదే ముఖ్యం.

మల్దకల్ ఫీల్డ్

@ధరూర్ లెక్కలు, లెక్క ఒప్పుకుంట, ఒక చోట తప్ప. 240 కిలోలన్నీ పాస్ అయినట్టు తీసుకున్నరు. కూలీలు సరిగ ఉంటే సెల్ఫ్ తగ్గి జీఓటీ రిస్క్ కూడా తగ్గుతది, ఆ లాభం రైతుదే. మొత్తం 24,000 కంపెనీ మీద వేస్తే వాళ్లు బల్ల దగ్గరనే లేచి పోతరు. సూత్రం మాత్రం నాకు నచ్చింది.

ధరూర్ లెక్కలు

జీఓటీ రిజల్ట్ ఎవరి ల్యాబ్‌ల వస్తది? కంపెనీ ల్యాబ్‌ల. శాంపిల్ రైతు ముందర సీల్ వేసి, ఒక భాగం రైతు దగ్గర పెడితే అప్పుడు మీ మాట ఒప్పుకుంట. అది కూడా అగ్రిమెంటుల రాయించుకోవాల్సిందే.

గట్టు సీడ్ రైతు

శాంపిల్ సంగతి మంచిగ గుర్తుచేసిండ్రు. కంపెనీ వాళ్లు "యూరప్ చట్టం వచ్చింది, మా చేతిల ఏం లేదు" అంటరు. ఆ చట్టంల రైతుకు ఏమన్న ఉందా, అంతా మా మీదికేనా?

పాలమూరు లేబర్ లా

ఉంది, వాళ్లు చెప్పని భాగంలో.

జర్మనీలో సప్లై చైన్ చట్టం (సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర హక్కుల ఉల్లంఘన జరగకుండా కంపెనీ చూసుకోవాలనేది) 2023 జనవరి 1 నుంచి కనీసం 3,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకు, 2024 నుంచి కనీసం 1,000 మంది ఉన్నవాటికి వర్తించింది. యూరోపియన్ యూనియన్ మొత్తానికి 2024లో అదే తరహా డైరెక్టివ్ (ఆదేశం) వచ్చింది, తర్వాత దాని గడువులను వెనక్కి జరిపారు. నిర్బంధ శ్రమతో తయారైన సరుకును అక్కడి మార్కెట్‌లో నిషేధించే నిబంధన 2027 డిసెంబర్ 14 నుంచి వర్తిస్తుంది. ఇవన్నీ ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన మార్గదర్శక సూత్రాల మీద నిలబడ్డాయి. ఆ సూత్రాలు చెప్పేది, సరఫరాదారు చేత సంతకం పెట్టించుకుంటే కంపెనీ బాధ్యత తీరిపోదని. తన కొనుగోలు పద్ధతి, అంటే ధర, గడువు, చెల్లింపు, అవే తప్పుకు కారణమవుతుంటే వాటిని మార్చుకోవాల్సింది కంపెనీయే. "షరతులు పెంచారు, రేటు పెంచలేదు" అన్నది మీ అలక కాదు, ఆ భాషలో చెల్లే ఫిర్యాదు.

ఇంకొకటి. తప్పు దొరకగానే ప్లాటు రద్దు చేయడం ఈ పద్ధతిలో ఆఖరి మెట్టు. ముందు సరిచేసుకునే ప్రణాళిక ఇవ్వాలి. పిల్ల దొరికితే ఆ పిల్ల బడిలో చేరిందా, ఇంటికి ఆదాయం ఎలా అన్నది చూడాలి. మీ కాగితంలో హెచ్చరిక, కోత, రద్దు మాత్రమే ఉన్నాయి. నడుమ "సరిచేసుకోవడానికి ఇన్ని రోజులు, కంపెనీ చేసే సాయం ఇది" అనే వాక్యం పెట్టమనండి.

ఫిర్యాదు దారి: చాలా కంపెనీల వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పేజీ ఉంటుంది. రైతు, కూలీ ఎవరైనా పెట్టవచ్చు. అక్కడ తేలకపోతే, మాతృసంస్థ ఉన్న దేశంలో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సంఘం) మార్గదర్శకాల కోసం ఒక నేషనల్ కాంటాక్ట్ పాయింట్, అంటే ఫిర్యాదులు తీసుకునే కార్యాలయం, ఉంటుంది. మన దేశం ఆ మార్గదర్శకాల్లో లేదు కాబట్టి ఫిర్యాదు అక్కడికే పోవాలి. 2004లో మన సీడ్ పత్తి విషయం మీదే జర్మనీలో అలా ఒక ఫిర్యాదు పడింది. అది కోర్టు కాదు, మధ్యవర్తిత్వం. ఏళ్లు పడుతుంది. సీజన్‌లో మీ కూలి తగాదా తేలాలంటే మాత్రం ఇక్కడి లేబర్ ఆఫీసర్, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, ఉచిత న్యాయ సహాయానికి 15100. పిల్లల విషయంలో 1098.

మల్దకల్ ఫీల్డ్

మందుల గురించి ఎవరూ రాయలే. షరతుల అది ఒక లైనే ఉంటది కానీ రోజూ చేన్ల తిరిగే పని కాబట్టి అసలు దెబ్బ అక్కడ ఉంది. మామూలు పత్తిల మందు కొట్టి మూడు రోజులు చేన్లకు పోకుంటే నడుస్తది. క్రాసింగ్‌ల ఒక్క పూట ఆగితే సెల్ఫ్ పడుతది. కాబట్టి ఈ రెండు నెలలు డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉన్న మందు వాడనే వద్దు, పసుపు కూడా వీలైనంత మానుకోండ్రి, నీలం, ఆకుపచ్చ వాటితోనే నడిపియ్యాలె. అందుకు పురుగు ముదరక ముందే చూసుకోవాలె. కొట్టేది సాయంత్రం మొగ్గ పని అయిపోయి అందరు బయటికి వచ్చినంక. లేబుల్ మీద చేన్లకు తిరిగి పోయే గడువు రాసి ఉంటే తెల్లారి ఎనిమిదికి అది దాటుతదా లేదా చూడుండ్రి. దాటదంటే ఆ మందు మీకు పనికిరాదు. కొట్టిన తేదీ, టైం, మందు పేరు రిజిస్టర్ చివరి పేజీల రాయుండ్రి.

పూలు తీసే చేతులతోనే మధ్యాహ్నం అన్నం తింటరు. చేను గట్టుకు ఒక డ్రమ్ము నీళ్లు, సబ్బు పెట్టండ్రి, తాగే నీళ్ల క్యాన్ వేరే. మందు డబ్బాల నీళ్లు తెచ్చుకునే అలవాటు ఉంటే ఆ డబ్బాలకు చిల్లు పొడిచి పారేయుండ్రి. ఎవరికన్న కండ్లు మసకలు, నోట్ల నురగ, చెమటలు వస్తే బట్టలు మార్చి, ఒళ్లు కడిగి 108కి ఫోన్ చేసి, డబ్బా లేబుల్ వెంట పంపుండ్రి. ఏ మందో తెలిస్తేనే డాక్టర్ సరైన విరుగుడు ఇస్తడు.

ట్రాలీ ఆటోల ఇరవై మందిని కుక్కి తోలుడు కూడా ఆడిట్ కాగితంల ఉండది, ప్రాణం పోయేది మాత్రం దానితోనే. ఊర్లకు ఊర్లే ఆ ప్రమాదాలు చూస్తున్నయి. రెండు ట్రిప్పులు వేయుండ్రి. 18 నుంచి 70 ఏండ్ల మధ్య ఉండి బ్యాంకు ఖాతా ఉన్నోళ్లకు పీఎం సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంల చనిపోతే 2 లక్షలు. ఆ 20 రైతే కట్టొచ్చు.

గట్టు సీడ్ రైతు

అందరికీ దండాలు. ఆదివారం పద్నాలుగు మందిమి కూసుంటున్నం. అడిగేవి ఇవి రాసుకున్న: అగ్రిమెంటు తెలుగు కాపీ, కనీస వేతనంతోని కట్టిన రేటు సూత్రం, మూడు విడతల అడ్వాన్స్, సీల్ వేసిన శాంపిల్, సరిచేసుకునే గడువు, దసరా సెలవుల మాట. ఏమన్న మర్చిపోయిన్నా?

ధరూర్ లెక్కలు

రోజు చూసుకోండ్రి. కంపెనీ పేరెంట్ విత్తనం (నాటడానికి ఇచ్చే ఆడ, మగ విత్తనం) ఇచ్చే రోజుకు ముందే ఈ కాగితం ఆర్గనైజర్‌కు కాదు, కంపెనీ ప్రొడక్షన్ మేనేజర్‌కు ఇచ్చి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోవాలె. విత్తనం నాటినంక ఆ చేన్ల వచ్చే పంటను ఇంకెవరికీ అమ్ముకోలేరు, అది కంపెనీ విత్తనం. అప్పుడు అడిగితే వినేటోడు ఉండడు.